రెండు చెరువుల కట్టలు

మిరపపండు కల్లములలో ఆరబోసిన దినములలో గుంటూరు సీమకు పోవువారికి త్రోవ యెవరును చెప్పనక్కరలేదు, ఘాటే చెప్పును. 2024వ సంవత్సరము మాఘమాసమున మేము గుంటూరులో నంద్యాల పోవు రైలెక్కి, నరసరావుపేట దాటిన పిమ్మట ఒక చిన్న స్టేషనులో దిగితిమి. మాతో వచ్చిన పిల్లలు తుమ్ములతోనే తమ రాకను ఊరివారికి తెలియజేసిరి. రైలుకట్ట కిరుప్రక్కలను నల్లరేగడి చేలు. కొన్నిట ప్రత్తి యేరగా మిగిలిన కట్టె నిలిచియున్నది. కొన్నిట మిరప రెండవ కోతకు వచ్చియున్నది. కల్లములమీద పండు పరచిన చోట నేల రక్తచందనము పూసినట్లుండెను.

మా పిన్నిగారి రెండవ కుమారుడు క్రొత్తయిల్లు కట్టదలచి శంకుస్థాపనకు ముహూర్తము పెట్టించెను. దానికి నాలుగు దినముల ముందే రమ్మని పిన్నిగారు మాకు ఫోను చేసిరి. "స్థలం చూసి ఒక మాట చెప్పు అమ్మాయ్. నా మాట వాడు వినడు. చదువుకున్నదానివి, నీ మాటైతే వింటాడు" అనిరి. మేము బడిలో భూగోళము చెప్పినవారమే గాని యిండ్లు కట్టించినవారము కాము. అయినను పిలిచినది పిన్నిగారు గనుక పోతిమి.

చేరిన సాయంకాలమే స్థలము చూడబోయితిమి. ఊరిచెరువు కట్టకు దిగువను, కట్ట పాదమునుండి ముప్పది నలువది గజముల దూరమున, నాలుగు మేకులు పాతి కొబ్బరిత్రాడు చుట్టియుండెను. ఎదుట తారురోడ్డు, ప్రక్కను తియ్యని నీటిబావి, వెనుక రెండు వేపచెట్లు. "ఏముందక్కా దీనికి వంక? స్థలం మనది, బావి మనది. కొనాల్సింది ఇటుకా సిమెంటే" అని తమ్ముడనెను. మాకును మొదట వంక కనబడలేదని ఒప్పుకొనవలయును. పిన్నిగారు మాత్రము వేపచెట్లను చూడక కట్టనే చూచుచు నిలిచియుండిరి.

పిమ్మట మమ్ము చేయిపట్టి కట్ట పాదమునకు గొనిపోయి, తుంగ మొలచిన యొక చెమ్మనేలను చూపిరి. చేటంత మేర నీరు పైకి ఉబికి, సన్నని ధారయై కాలువలోనికి జారుచున్నది. ఆ చెమ్మ అంచున ఒక వెదురుకర్ర పాతియున్నది. చెమ్మ ఆ కర్రను దాటినదా లేదా యని పిన్నిగారు రోజును చూచుకొందురట. ఈ ఊట క్రొత్తది కాదు. ఆమె కాపురమునకు వచ్చిన నాటినుండియు ఊరి యాడువారు బట్టలుతుకుకొనునది ఆ కాలువలోనే. నలువది యేండ్లు ఒకేచోట బట్టలుతికినవారికి ఆ నీటి రంగు తెలిసినట్లు మరెవ్వరికి తెలియును?

ఇచ్చట సోదరీమణులకు ఒక విషయము చెప్పవలసియున్నది. మట్టికట్ట యేదైనను కొంత నీటిని పీల్చి దిగువకు విడుచును. అంతమాత్రమున భయపడ పనిలేదు. చూడవలసినది నీటి తేట. ఊటనీరు తేటగ నున్నంతవరకు కట్టలోని మట్టి కట్టలోనే యున్నదన్నమాట. అది కలక బారెనా, నీరు మట్టిని రేణువు రేణువుగా మోసికొని వచ్చుచున్నదని యర్థము. అట్లు దిగువనుండి లోపలికి, లోపలినుండి చెరువువైపునకు ఒక సన్నని సొరంగము పెరుగును. పైకి కట్ట యథాప్రకారముగ నుండును; గడ్డియు పచ్చగ నుండును. సొరంగము చెరువునీటిని తాకిననాడు, కొన్ని గడియలలోనే కట్ట కూలి గండి పడును.

మరునాడుదయము కట్టమీద ఈ కొసనుండి ఆ కొసకు నడచితిమి. రెండు నిలువుల యెత్తు కట్ట. ఆయకట్టు నూరెకరములకు మించదు. పూర్వము కుడిమరామత్తని పేరు పెట్టి యేటేట రైతులే తట్టా పారా పట్టి కట్ట బాగుచేసెడివారు. అది ఆచారముగ నుండుచు తప్పుచుండగా, 1858లో మద్రాసు దొరతనమువారు దానికై చట్టమునే చేసిరి. 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు పునాది పడెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు చేలకు చేరిన పిమ్మట ఊరిచెరువును తలచువారు తగ్గిరి. తరువాత త్రాగునీటికై ఆ కాలువనీటితోనే చెరువు నింపుట మొదలయ్యెను. అనగా చెరువునకు పని పెరిగినది, కట్టకు పోషణ తగ్గినది.

కట్ట యంతయు సర్కారు తుమ్మ. చెట్టు వేరులు మట్టిని పట్టి నిలుపునని తమ్ముడు వాదించెను. బ్రదికియున్న వేరు పట్టును, నిజమే. చెట్టు కొట్టినపుడో చచ్చినపుడో ఆ వేరు కుళ్లి, దాని చోట నీటికొక గొట్టము మిగులును. ఎలుకలు, ఎండ్రకాయలు త్రవ్విన బొరియలను మేము పండ్రెండు వరకు లెక్కించి విడిచితిమి. పైగా కట్టలో హెచ్చుభాగము నల్లరేగడి. ప్రత్తికి తల్లివంటి యా మన్ను కట్టకు సవతితల్లి వంటిది. తడిసిన ఉబ్బును, ఎండిన చేయిదూరు నెఱ్ఱెలు విచ్చును. దానిపై ఎఱ్ఱగరుసు పరచి కప్పకున్న తొలకరినాటి నీరు ఆ నెఱ్ఱెల వెంట లోనికి దిగును. మా ఊరి కట్టమీద ఆ గరుసు నెవరో యింటిముంగిళ్లకు తవ్వుకొనిపోయిరి. ఎవరో యననేల? పిన్నిగారి వాకిట పరచినదియు అదేనట. ఆమెయే నవ్వుచు చెప్పిరి.

నడుమ ఒకచోట ట్రాక్టర్లు కట్ట దాటుటకు బాటచేసికొనగా కట్ట తల మూరెడు తగ్గియుండెను. అలుగు నోట చేపలపాట పాడుకొన్నవారు వలలు కట్టిరి. వాటిలో తుంగయు నాచును చిక్కి అలుగు సగము మూసికొనిపోయినది. ఆ రెండును చూడగనే మాకు అమెరికాలోని జాన్‌స్టవును జ్ఞప్తికి వచ్చెను. ఆ పట్టణమునకు ఎగువ నొక మట్టికట్ట యుండెడిది. ధనికుల క్లబ్బువారు దానిని కొని విహారమునకు సరస్సుగ నుంచుకొనిరి. రెండు బండ్లు ఎదురెదురుగ పోవుటకై కట్ట తల తగ్గించిరి. చేపలు పోకుండ అలుగునకు ఇనుపజల్లెడలు బిగించిరి. అడుగు తూము గొట్టములు అంతకు మునుపే తీసివేయబడినవి. 1889 మే 31వ తేదీని వరదనీరు కట్టపై పొర్లి, కట్ట తెగి, 2,209 మంది చనిపోయిరి. మట్టికట్ట పైనుండి నీరు పొర్లుట యనగా దాని ఆయువు గడియలలో లెక్కింపవలసినదే. ఈ కథ చెప్పగా తమ్ముడు, "అది అమెరికా అక్కా, అది పెద్ద డ్యాం" అనెను. కథ చెప్పిన ఫలమంతయు అంతే.

అప్పుడు పిన్నిగారు మిచౌంగ్ తుపాను నాటి సంగతి చెప్పిరి. 2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నము ఆ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటెను. ఆ రాత్రి ఊరిలో దీపము లేదు. మిరపచేలు నీట మునిగినవి; చేతికి వచ్చిన ప్రత్తి చెట్టుమీదనే నల్లబడినది. తమ్ముడు సరుకుతో గుంటూరు మిరపయార్డులో చిక్కుకొనియుండుటచేత అతనికిది విన్నకథయే గాని కన్నకథ కాదు. తెల్లవారుజామున వాన కొంచెము వెలిసినపుడు పిన్నిగారు టార్చిదీపము తీసికొని, కోడలు వలదనుచుండగ, తమ ఊట చూడబోయిరి. నీరు పాలు పోసిన తేనీటి రంగున వచ్చుచున్నది. నడుమ ఇసుక ఉడుకునట్లు పొంగుచున్నది.

ఆమె కేకలకు ఊరు కదిలెను. కుఱ్ఱవాండ్రు తట్టలతో బంకమన్ను తెచ్చి ఊట నోట వేయబోయిరి. కాలువ లస్కరుగ పనిచేసి విరమించిన వృద్ధుడొకడు వారిని ఆపెను. "మూతి మూయకండిరా! ఇక్కడ మూస్తే ఇంకోచోట పగులుద్ది. నీళ్లని పోనీండి, మన్ను పోనీకండి" అనెనట. ఆ మాట మేము కాగితముమీద వ్రాసికొంటిమి. అన్నము వార్చు సిబ్బి చేయు పని యిదే కదా. గంజి పోవును, మెతుకు నిలుచును. సిబ్బి చిల్లులు మెతుకుకన్న పెద్దవైన అన్నమంతయు గంజితో పోవును; చిల్లులే లేకున్న పొంగి పొయ్యి ఆరును. అందుచే మొదట ఇసుక పోసిరి. దానిపై సన్నకంకర, దానిపై పెద్దకంకర. చుట్టును ఇసుకబస్తాలు పేర్చి బావివలె వలయము కట్టిరి. మరికొందరు అలుగు వలలు కోసివేసిరి. తూము తలుపు త్రుప్పుపట్టి బిగిసియుండగా దానిని లేపుటకు ప్రొద్దు తిరిగిపోయెనట. నీరు ట్రాక్టర్ల బాటకు జానెడు దిగువను నిలిచి, సాయంకాలమునకు తగ్గనారంభించెను. దీపాలవేళకు ఊట తేటబడెను. ఆ రాత్రి ఊరిలో ఎవరును వండుకొనలేదు, నిద్రయు పోలేదు.

ఇదంతయు విని తమ్ముడు చెప్పిన సమాధానము తేలికగ త్రోసివేయదగినది కాదు. "ఒక్కరోజు భయానికి ఊరంతా చెరువు కింద బతకడం మానేస్తుందా? కంభం చెరువు ఐదొందల ఏళ్లనుంచి ఉంది. దాని కింద ఊళ్లు లేవా?" అనెను. పిన్నిగారి పుట్టినిల్లు గిద్దలూరు ప్రాంతము. "అయితే పద, చూద్దాం. నేనూ చిన్నప్పుడెప్పుడో చూశాను" అనిరి. ముహూర్తమునకింకను రెండు దినములున్నవి. మరునాటి రైలుకే బయలుదేరితిమి.

వినుకొండ దాటినపిమ్మట నేల యెఱ్ఱబడును. ప్రత్తి పలుచబడి కంది, ఆముదము కనబడును. దొనకొండలో వెనుకటి ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయపు మైదానము వట్టిగ పడియున్నది. మార్కాపురము వచ్చినపుడు పిన్నిగారు కిటికీలోనుండి చేయెత్తి నమస్కరించిరి. మేమందరమును అక్షరములు దిద్దినది ఆ ఊరి రాతిపలకలమీదనే గదా. తరువాత తర్లుపాడు, ఆ తరువాత కంభము.

కంభము పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగ క్రొత్త జిల్లా యేర్పడగా దానిలో చేరెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మయు, జంపలేరును వచ్చి రెండు కొండల సందున దూరిపోవు చోట ఆ సందును కట్టతో మూసిరి. కట్ట యెత్తు 57 అడుగులు. గజపతుల యాడుబిడ్డయై విజయనగరము మెట్టిన వరదరాజమ్మ దీనిని కట్టించినదని జనులు చెప్పుదురు. రుచిదేవి యనియు ఆమెకు పేరు. రాజుల పేర్లు మరచిన ఊరివారు ఒక యాడుదాని పేరు మాత్రము మరువకున్నారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ఈ చెరువును ప్రపంచ వారసత్వ కట్టడముల పట్టికలో చేర్చిరి. ఆ యేడే కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును, కర్నూలు–కడప కాలువయు ఆ గౌరవమును పొందినవి.

మేము పోయిననాడు నీరు కట్టకు దూరముగ జరిగియుండెను. ఇది యేటేట నిండు చెరువు కాదు. నల్లమలలో కుండపోత కురిసిననాడు దీనికి పండుగ. కట్టపై మేకలు మేపుకొను ముసలామెతో పిన్నిగారు క్షణములో మాట కలిపిరి. "నిండితే ఎట్టా ఉంటదక్కా?" అని అడిగిరి. "నిండితే మనసు నిండుద్ది. రేత్రి పూట మాత్రం నిద్ర పట్టదు" అని ఆమె జవాబు.

తమ్ముడు కట్టకు రెండువైపులను పోయి కొండను తడవి చూచి వచ్చెను. అది చూచి మాకు సంతోషమైనది. ఇక్కడ కట్ట రెండు కొసలును కొండను పట్టుకొనియున్నవి. పొట్టి కట్టతో పెద్ద నీరు నిలుచునట్లు చోటు నెన్నుకొన్నవారి తెలివి యిది. మా ఊరి కట్టకు ఏ కొసను కొండ లేదు. చదునునేలపై నెలవంకవలె మన్ను కుప్పపోసినదే.

కొండనీడను పులిహోర విప్పుకొని కూర్చుండి, వారికి పోరుమామిళ్ల శాసనము సంగతి చెప్పితిమి. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో ఆ చెరువు కట్టించి, కట్టిన విధమంతయు రాతిపై చెక్కించెను. వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల పని. మంచి చెరువునకు పండ్రెండు అంగములనియు, చెడ్డదానికి ఆరు దోషములనియు అందున్నది. నీటిశాస్త్రమెరిగినవాడు, గట్టినేల, తియ్యనినీటి నది, కొండలనంటిన కట్ట, దగ్గర రాతిగని, పని నేర్చిన కూలీలు అంగములలోనివి. దోషములలో కట్టనుండి నీరూరుట యొకటి, చౌటినేల యొకటి, చెరువు నడుమ తాబేటివీపువలె మెట్ట యుండుట యొకటి, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మరియొకటి. నీటికి మించి పొలముండుటయు, పొలమునకు మించి నీరుండుటయు మిగిలినవి.

"చూశావా, ఊట సంగతి వాళ్లు ఆనాడే రాసిపెట్టారు" అని పిన్నిగారు కుమారుని వంక చూచిరి. ఆమెకు శాసనము కన్న తన మాట నెగ్గుటయే ముఖ్యము. తమ్ముడు మాత్రము సరిహద్దు దోషమును విని నవ్వెను. రాజుల తగవులు నేడెక్కడివనెను. మేమును ఆనాడు ఆ మాటను సాగదీయలేదు. మేమింటికి వచ్చిన ఐదు నెలలకు, 2024 జులై 18వ తేదీని, తెలంగాణములోని అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు చెరువునకు గండిపడెను. కట్ట తెలంగాణమున నున్నది. ఆయకట్టులో హెచ్చుభాగము ఆంధ్రప్రదేశమున నున్నది. మరామత్తు ఖర్చు ఎవరిదను ప్రశ్న తేలక ఏండ్లు గడచినవి. వరద మాత్రము సరిహద్దు చూడక వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్లమీద పడినది. ఆనాడు తమ్ముడే ఫోను చేసి, "అక్కా, నీ శాసనం చెప్పింది ఇదేనా?" అని అడిగెను.

తిరుగు రైలులో మాటలు చెరువులమీదనే సాగినవి. 2021 నవంబరు 19న చెయ్యేటిమీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయి రాజంపేట ప్రాంతపు పల్లెలు తుడిచిపెట్టుకొనిపోయిన సంగతి రైలులోని ఒక ప్రయాణికుడు ఎత్తెను. కంభము దాటి వచ్చిన గుండ్లకమ్మమీదనే మల్లవరము దగ్గర కట్టిన జలాశయమున 2022 ఆగస్టులో ఒక గేటును, 2023 డిసెంబరులో మరియొక గేటును పోయి, కూర్చిన నీరంతయు సముద్రము పాలైనది. అందువలన పెద్దవానికి మాత్రము రక్షణ యున్నదని చెప్పజాలము. అయినను 2021 డిసెంబరులో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లు మించిన వానికిని, 10 మొదలు 15 మీటర్ల నడుమ కొన్ని లక్షణములున్న వానికిని వర్తించును. వానకు ముందొకసారి, వెనుకనొకసారి చూచి వ్రాయవలెనని నియమము. కంభము చెరువు ఆ యెత్తు దాటును. మా పిన్నిగారి ఊరి కట్ట నాలుగు మీటర్లు. దానిని వానకు ముందు, వెనుక చూచునది ఆమెయు ఆమె వెదురుకర్రయు.

"ఇప్పుడు చెప్పు" అని తమ్ముడు మమ్మడిగెను. దాచక చెప్పితిమి. అక్కడ పొలము చేసికొనవచ్చును, కల్లము చేసికొనవచ్చును, పశువులపాక వేసికొనవచ్చును; పిల్లలు నిద్రించు గది మాత్రము మేమైతే కట్టము. అతడు చాలసేపు మాటాడలేదు. అతని చిక్కు మాకు తెలియును. మెట్టమీద వారికున్న ఖాళీస్థల మొక్కటే, అది మిరపకల్లము. అది పోయిన పండు ఆరబోయుటకు ఏటేట కౌలుకు చోటు వెదకుకొనవలయును. మెట్టన బావి లేదు, బోరు వేయింపవలయును. ఇల్లు కట్టువానికి లక్ష రూపాయలు చిన్నమాట కాదు. ఎవరో వచ్చి భయము చెప్పి రైలెక్కి పోవుదురు. అప్పు తీర్చునది అతడు.

రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరితిమి. తెల్లవారి లేచునప్పటికి తమ్ముడు పంచాంగము పట్టుకొని పురోహితునితో ఫోనులో మాటాడుచుండెను. ముహూర్తము మారలేదు, మేకులు మారినవి. కల్లము నూడ్చి అక్కడనే శంకుస్థాపన జరిపిరి. పిన్నిగారు కొబ్బరికాయ కొట్టి, మిగిలిన పసుపుకుంకుమలు పొట్లము కట్టుకొని కట్టక్రింది ఊట దగ్గరకు పోయివచ్చిరి. ఏమి మ్రొక్కుకొనిరో మేమడుగలేదు.

కట్ట సంగతియు ఊరిలో ఊరక పోలేదు. ఆ వేసవిలో సర్కారు తుమ్మ కొంత మొదలంట త్రవ్వించి గోతులను మన్ను పోసి దిమ్మిస చేయించిరట. ట్రాక్టర్ల బాట నెత్తుచేసిరట. ఊట నోట కంకర అట్లే యున్నది. తూము తలుపునకు గ్రీజు వేసిరి గాని, క్రొత్తతలుపు రాలేదు. అలుగు వలల విషయమున పాటదారునకును ఊరివారికిని తగవు నడచుచునే యున్నది.

మరుసటి మాఘమున, 2025లో, గృహప్రవేశమునకు మరల పోతిమి. మిరపధర పడిపోయిన యేడది. ఇంటికి సున్నము వేయక యిటుకలు కనబడుచునే పాలు పొంగించిరి. కట్టక్రింది స్థలమున, మునుపు మేకులు పాతిన చోటనే, పండు ఆరబోసియుండెను. పిన్నిగారు కల్లము గట్టుమీద కూర్చుండి తాలుకాయ లేరుచుండిరి. వెదురుకర్ర యెక్కడ నున్నదని అడిగితిమి. చేటతోనే చూపిరి. పాతచోటనే యున్నది; చెమ్మ దానికి జానెడు లోపలనే నిలిచియున్నది.